భూమి మనదే, జింక మనది కాదు: శివారు పొలాల్లో వన్యప్రాణులకు చోటు

అమెరికాలోని టెక్సాస్‌లో కృష్ణజింకను కాల్చాలంటే లైసెన్సు తీసుకుని, రాంచ్ (విశాలమైన ప్రైవేటు మేతభూమి) యజమానికి డబ్బు కడితే చాలు. వేట సీజను కూడా అడ్డం రాదు. 1932లో మన దేశపు జింకల్ని తీసుకెళ్ళి అక్కడి ఎడ్వర్డ్స్ పీఠభూమిలో వదిలారు. కృష్ణజింకలు, దుప్పులు అక్కడి నేలకు బాగా అలవాటుపడి ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. బయటి నుంచి తెచ్చినవి కాబట్టి అక్కడి చట్టం వాటిని దాదాపు పశువుల లెక్కనే చూస్తుంది. అదే కృష్ణజింక మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పైన కనీసం 25 వేల రూపాయల జరిమానా.

హైదరాబాద్ చుట్టుపక్కల ఐదో పదో ఎకరాలు కొన్నవాళ్ళకు టెక్సాస్ సంగతి ఎందుకంటే, పొలంలోకి జింకలు రావాలంటే ఏం చేయాలని ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సలహాల్లో చాలా భాగం అక్కడివే. మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్లు, ఉప్పు దిమ్మలు, జింకల కోసమే వేసే మేత మళ్ళు, ఎనిమిదడుగుల కంచెలు, ఏ మగజింకను ఎప్పుడు ఏరేయాలో చెప్పే పట్టికలు. డల్లాస్‌లో ఉన్న బావమరిది పంపిన వీడియో చూసి మొయినాబాద్ తోటలో ఫీడర్ పెట్టించాలనుకునేవాళ్ళు ముందు ఒక్క విషయం గమనించాలి. అక్కడ యజమాని జంతువును మేనేజ్ చేస్తాడు. ఇక్కడ యజమాని చేతిలో ఉండేది నేల ఒక్కటే. జింకను పట్టడం, కట్టేయడం, పెంచడం, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం, సంఖ్య తగ్గించడం ఇవేవీ అతని పనులు కావు. గడ్డి, నీళ్ళు, కంచె, కుక్కలు, రాత్రి వెలుతురు మాత్రం అతని చేతిలోవే. నిజానికి జింక వచ్చేదీ రానిదీ, వచ్చాక బతికేదీ బతకనిదీ వీటిమీదే ఆధారపడి ఉంటుంది.

చట్టంలో వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, తరమడం, గాయపరచడం, ఎర పెట్టడం అన్నీ అందులోకే వస్తాయి. ఫామ్‌హౌస్ వెనక గింజలు పోసి, లైటు పెట్టి, అతిథులకు జింకను చూపించడం సరదాగానే ఉండొచ్చు. ఫారెస్టు అధికారికి అది ఎరలాగా కనిపిస్తే తప్పు పట్టలేం. పొలంలో చచ్చి దొరికిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. గట్టు పక్కన దొరికిన అలాంటి కొమ్మును తెచ్చి హాల్లో గోడకు తగిలించుకుంటే, అది కేసుకు సరిపడా వస్తువు. అలాంటిది చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో అటవీ అధికారికో తెలియజేయాలని చట్టం చెబుతోంది. కృష్ణజింక కొమ్ములు రాలవు. కాబట్టి ఆ కొమ్ము ఒక ఇంట్లో కనబడిందంటే జింక చచ్చిందనే అర్థం.

ఇక అసలు విషయం. ‘జింకలు’ అని అందరం ఒకే మాట అంటాం గానీ ఈ చుట్టుపక్కల వచ్చేవి రెండు రకాలు, రెంటికీ కావలసిన నేలలు వేరు. కృష్ణజింకది బయలు. దాని రక్షణంతా దూరం చూడగల కన్ను, గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల కాళ్ళు. అందుకే చెట్లు గుబురుగా ఉన్నచోట దానికి భయం. చుక్కల దుప్పికి చెట్టు నీడా కావాలి, పక్కనే గడ్డీ కావాలి. అడవీ మైదానమూ కలిసే అంచు దాని ఇల్లు. పైగా ఎండాకాలంలో నీళ్ళకు దూరంగా ఉండలేదు. వనస్థలిపురం దగ్గర ఒకప్పటి నిజాం వేటభూమిలో 1975లో ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి కృష్ణజింకలకు పేరుపడితే, చిలుకూరు దగ్గరి మృగవని దుప్పులకు పేరుపడింది. రెండూ ఒకే నగరం అంచున ఉన్నా నేలల తీరు వేరు. చేవెళ్ల దాటాక కనిపించే ఎర్రమట్టి చెలకలు, మొర్రం దిబ్బలు మొదటి రకానికి దగ్గర. అనంతగిరి గుట్టల పాదాల దగ్గరి పొలాలు రెండో రకానివి. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. విభజనలో అన్నీ గొడవే అయినా ఈ పంపకం మాత్రం ఇబ్బంది లేకుండా జరిగిపోయింది.

మన పొలానికి ఏది వస్తోందో తెలుసుకోవడానికి కెమెరాలు అక్కర్లేదు, నేల చూడటం వస్తే చాలు. చెలకలో చదునుగా, గడ్డి పొట్టిగా ఉన్నచోట ఒకేచోట పెంటికలు కుప్పగా పడి ఉంటే అది మగ కృష్ణజింక హద్దు గుర్తు. అడుగున ఎండి బూడిద రంగుకు తిరిగినవి, పైన నల్లగా మెరిసే తాజావి. అంటే అది రోజూ అక్కడికే వస్తోందన్నమాట. దుప్పి వచ్చే తోటలో చెట్ల కింది కొమ్మలన్నీ ఒకే ఎత్తులో, కత్తెర పట్టి కత్తిరించినట్టు ఆగిపోయి ఉంటాయి. ఆ గీత కింద ఆకు మిగలలేదంటే మేత చాలడం లేదని లెక్క. మొలకలు ఎవరు కొరికారన్న తగువు కూడా కొమ్మ చివర చూస్తే తేలిపోతుంది. జింకకు పైదవడన ముందుపళ్ళుండవు, అది కొరికి లాగుతుంది కాబట్టి తెగినచోట పీచులు పీచులుగా ఉంటుంది. కుందేలు కొరికితే ఏటవాలుగా, నున్నగా తెగుతుంది. జింకల మీద వచ్చే ఫిర్యాదుల్లో కొన్నైనా కుందేళ్ళ పని అయి ఉండొచ్చు.

పొలం కొనగానే ఎక్కువమంది చేసే మొదటి పని మొక్కలు నాటడం. శ్రీగంధం, మహాగని, టేకు, ఎర్రచందనం. ఇరవై ఏళ్ళలో కోట్లు అన్న బ్రోచరు చదివాక చేయి ఆగదు. వన్యప్రాణుల కోసమని నాటేవాళ్ళు కూడా ఇదే చేస్తారు, పచ్చదనం అంటే చెట్లే అన్న లెక్కలో. కానీ బయలు నేలను చెట్లతో నింపితే కృష్ణజింకకు అది పనికిరాకుండా పోతుంది. దాంతోపాటు నేల మీద గుడ్లు పెట్టే తీతువు, కౌజు, భరత పక్షి కూడా పోతాయి. గడ్డినేలను బీడు అనడం మన రెవెన్యూ రికార్డుల పాత అలవాటు. దేశంలోని బంజరు భూముల అట్లాసును ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసేది మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. పొదలూ గడ్డీ ఉన్న నేలలు అందులో చాలామటుకు బంజరు కిందకే వస్తాయి. బంజరు అని రాశాక దాన్ని బాగుచేయాలనే అనిపిస్తుంది కదా.

గడ్డినేలకు చేయాల్సింది నాటడం కంటే తీసేయడం. సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ ఈ మూడింటి మీదా ఏళ్ళ తరబడి పని ఉంటుంది. సర్కారు తుమ్మను పైన నరికితే మోడు నుంచి నాలుగు పిలకలు లేస్తాయి, వేరుతో పెకలించాల్సిందే. పైగా దాని కాయలు జింకలకు ఇష్టం. తిన్న గింజలు పెంటికల్లోంచి ఊరంతా మొలుస్తాయి. గుజరాత్‌లోని వెలవదర్ గడ్డినేలల్లో ఈ చెట్టు వ్యాపించడంలో కృష్ణజింకల పాత్ర కూడా ఉందని పరిశోధకులు గుర్తించారు. వయ్యారిభామను పూత రాకముందే, తొలి వానల తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు పీకాలి. చేతులకు తొడుగు లేకుండా పీకితే దురదలు, దగ్గు. మొత్తం ఒకేసారి దున్ని చదును చేయడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. దున్నిన నేల మీద మొదట లేచేది మళ్ళీ వయ్యారిభామే. గరిక, దర్భ, బోదగడ్డి లాంటివి వేళ్ళతో నేలను పట్టుకుని ఉన్నచోట కలుపు అంత తేలిగ్గా దూరదు.

గడ్డి కోయాలా వద్దా అంటే కోయాలి, కానీ ముక్కలు ముక్కలుగా. నాలుగో వంతు ఈ ఏడాది, ఇంకో వంతు వచ్చే ఏడాది. గింజ రాలాక, అంటే వానాకాలం వెళ్ళాక కోస్తే మంచిది. ఫిబ్రవరి, మార్చిలో ఎండిన గడ్డికి అగ్గిపెట్టడం ఈ వైపు అలవాటు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పాములుండవన్న ధీమా. అయితే జింక ఏ నెలలోనైనా ఈనుతుంది. పుట్టిన కూన కొద్దిరోజుల పాటు గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది, తల్లి దూరంగా మేస్తూ పాలివ్వడానికే వస్తుంది. నిప్పు వచ్చినా, ట్రాక్టరు వచ్చినా ఆ కూన లేవదు, ఇంకా నేలకు అతుక్కుపోతుంది. కోత మిషను దింపే ముందు ఒక మనిషి కర్రతో గడ్డి కదుపుతూ నడవడం, పొలం మధ్య నుంచి అంచులకు కోసుకుంటూ పోవడం, ఈ రెండు జాగ్రత్తలకు అదనపు ఖర్చేమీ లేదు. ఒంటరిగా కనబడ్డ కూనను తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకొచ్చి ఆవుపాలు పట్టించేవాళ్ళు మంచి మనసుతోనే చేస్తారు. చట్టం దృష్టిలో అది వన్యప్రాణిని పట్టుకోవడం. కూన దృష్టిలో చూసినా మంచిది కాదు, ఎందుకంటే చాలాసార్లు తల్లి సాయంత్రానికి తిరిగి వస్తుంది. దెబ్బ తగిలి ఉంటేనో, తల్లి చచ్చి కనబడితేనో తప్ప ముట్టుకోకూడదు. అప్పుడు కూడా ముందు ఫారెస్టు వాళ్ళకే ఫోను.

మేత సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు, పెట్టకపోవడమే మంచిది. జింక నెమరువేసే జంతువు. గడ్డికీ ఆకుకీ అలవాటుపడిన దాని పొట్టలో ఒక్కసారిగా మొక్కజొన్న గింజలో, అన్నమో, బ్రెడ్డో పడితే పులిసి ఆమ్లం పెరుగుతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. చలికాలంలో జాలిపడి గింజలు పోస్తే జింకలు చచ్చిపోవడం అమెరికాలోనూ తెలిసిన విషయమే. చుట్టూ రేగు, ఉసిరి, నేరేడు, మేడి, వాకాయ పొదలు ఉంటే దుప్పులకు పళ్ళ కాలమంతా మేతే. చెట్లు నాటాలన్న కోరిక ఉన్నవాళ్ళు గుట్టల వైపు పొలాల్లో ఇవి నాటుకోవచ్చు. ప్లాస్టిక్ కవర్లది ఇంకో గొడవ. గిండి అడవి నుంచి తీసుకున్న నేలలో కట్టిన ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లో చచ్చిన జింకల పొట్టల్లోంచి ప్లాస్టిక్ ముద్దలు బయటపడ్డాయి. వీకెండు పార్టీలకు అద్దెకిచ్చే ఫామ్‌హౌసుల్లో ఆదివారం రాత్రి గోడ అవతల ఏం పడి ఉంటుందో చెప్పక్కర్లేదు.

నీళ్ళు మాత్రం పెట్టొచ్చు, పెట్టాలి కూడా. ఏప్రిల్, మే నెలల్లో కుంటలు ఎండిపోయాక దుప్పులు రోడ్లు దాటేది నీళ్ళ కోసమే. అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లలాంటిదే పొలంలోనూ కట్టుకోవచ్చు. నాలుగైదు అడుగుల వెడల్పు, అడుగుకు మించని లోతు, ఒక పక్క వాలుగా, అడుగు గరుకుగా ఉంటే చాలు. నున్నటి టైల్సు వేస్తే గిట్టలు జారతాయి. పొదల పక్కన కట్టకూడదు, ఎందుకంటే కుక్క పొంచి ఉండటానికి అదే అనువైన చోటు. చుట్టూ ముప్ఫై నలభై అడుగులు కనబడేలా ఉండాలి, ఇంటికీ దారికీ దూరంగా ఉండాలి. వారానికోసారి ఖాళీచేసి తోమితే దోమలు, నాచు ఉండవు. పశువులూ మేకలూ అదే తొట్టిలో తాగేటట్టయితే వాటికి గాలికుంటు, పీపీఆర్ (గొర్రెలకూ మేకలకూ వచ్చే పారుడు రోగం) టీకాలు వేళకు వేయించాలి. మంద నుంచి జింకకు జబ్బు అంటుకునే దారుల్లో ఇదొకటి.

నీళ్ళ పేరుతోనే పెద్ద ప్రమాదమూ ఉంది. నల్ల ప్లాస్టిక్ షీటు పరిచిన ఫామ్ పాండ్‌లోకి దాహంతో దిగిన జంతువు పైకి రాలేదు. తడిసిన షీటు మీద గిట్ట నిలవదు, ఈదీ ఈదీ అలిసి మునిగిపోతుంది. గట్టు లేని పాత దిగుడుబావుల సంగతీ అంతే. పాండ్ ఒక మూల కొబ్బరిపీచు తాళ్ళ వల పైనుంచి అడుగు దాకా వేలాడదీసి రాతి కడీకి గట్టిగా కట్టినా, మట్టి నింపిన గోనెసంచులను మెట్లుగా పేర్చినా చాలు. జింకలకే కాదు, కుక్కపిల్లలకూ, ఆడుకోవడానికి వచ్చిన పిల్లలకూ పనికొస్తుంది.

కంచె దగ్గర యజమానులు అస్సలు రాజీపడరు, అందులో న్యాయమూ ఉంది. హైదరాబాద్ చుట్టూ ఎకరం ధర పలికే తీరుకు హద్దు చూపించుకోకపోతే రేపు కబ్జా. అందుకే కొన్న నెలలోనే ప్రీకాస్టు గోడో, జాలీయో లేస్తుంది. ఆరడుగుల గోడ ఒక్క పొలానికి పెడితే పెద్ద నష్టం లేదు. వాగు పొడుగునా ఇరవై పొలాలు అలాగే గోడలు కట్టుకుంటే జింకలకు మిగిలేది రోడ్డే. పంట లేని వైపు, ముఖ్యంగా వాగు పక్క, కడీలు పాతి తీగ లాగితే హద్దూ తెలుస్తుంది, దారీ ఉంటుంది. అప్పుడు అడుగు తీగను నేల నుంచి అడుగున్నర ఎత్తులో, ముళ్ళు లేని తీగతో వేయాలి. కృష్ణజింక గాల్లోకి అంతెత్తున ఎగిరే జంతువే అయినా, కంచె ఎదురైతే దూకడం కన్నా కింది నుంచి దూరడానికే చూస్తుంది. టెక్సాస్ రాంచ్‌ల వాళ్ళు కూడా ఈ మాటే చెబుతారు. తరుముకొస్తున్నప్పుడు మాత్రం చూసుకోదు, నేరుగా ముళ్ళతీగలోకి పోయి పడుతుంది.

ఎక్కువసార్లు తరిమేది కుక్కలే. నగరం అంచున జింకలకు ముప్పు ఏమిటని అడిగితే వేటగాళ్ళ పేరు వెంటనే వస్తుంది గానీ, కుక్కల గుంపులు చేసే నష్టం అంతకన్నా ఎక్కువ చోట్ల, ప్రతిరోజూ జరిగేది. కుక్క పళ్ళు పడక్కర్లేదు కూడా. బాగా తరిమితే జింక కండరాలు పాడై, గుండె ఆగి, కొన్ని గంటల తర్వాత కూడా చనిపోవచ్చు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చిన రోజుల్లోనే, పక్కనున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో కుక్కల దాడికి గురైన ఒక జింక చనిపోయింది. దాక్కునే చోటు పోతే జింక ముందు పడేది కుక్కల నోట్లోనే అనడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

వీధికుక్కల్ని పట్టుకెళ్ళి ఎక్కడో వదిలేయడం నిబంధనల ప్రకారం కుదరదు. ఒకవేళ కుదిరినా, తిండి ఉన్నచోటికి ఇంకో గుంపు వస్తుంది. చేయగలిగింది ఆ తిండిని ఆపడం. ఔటర్ సర్వీసు రోడ్ల పక్కన, చెరువు కట్టల కింద పారేసే చికెన్ షాపుల వ్యర్థాలు, షాద్‌నగర్ వైపు కోళ్ళ ఫారాల నుంచి పొలాల్లో పడేసే చచ్చిన కోళ్ళు, ఈ రెండూ లేకపోతే అన్ని కుక్కలు అక్కడ బతకలేవు. పొలంలో కాపలా కుక్క ఉంటే రాత్రిపూట కట్టేయడం, దానికి ఆపరేషనూ రేబిస్ టీకా చేయించడం యజమాని పని. టెక్సాస్ వాళ్ళ చిట్టాలో మాంసాహార జంతువుల నియంత్రణ అని ఒక పని ఉంటుంది. మన దగ్గర నక్కనూ తోడేలునూ ముట్టుకోవడానికి వీల్లేదు, ముట్టుకోనవసరమూ లేదు. కుక్కల సంగతి చూసుకుంటే ఆ పని అయిపోయినట్టే.

జింక రావడం అందరికీ సంతోషం కాదు. ఫామ్‌హౌస్ ఆయనకు పొద్దున్నే ఫొటో, పక్క చేను రైతుకు మాత్రం కంది మొలకలు పోయాయన్న బాధ. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరం పొడుగునా కృష్ణజింకల మందలు పత్తి, కంది మొలక దశలోనే మేసిపోతుంటే రైతులు రాత్రిళ్ళు కాపలా కాయాల్సి వస్తోంది. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. అక్కడ కృష్ణజింకలు బాగా పెరిగి చుట్టూ ఉన్న పొలాల మీద పడ్డాయి. ఎవరి కోసం అభయారణ్యం పెట్టారో ఆ పిట్ట మాత్రం తగ్గుతూ తగ్గుతూ కనుమరుగైంది. ఢిల్లీ హౌజ్ ఖాస్ జింకల పార్కులో కొన్ని దుప్పులతో మొదలైన మంద ఆరు వందల దాకా పెరిగి, చివరికి 2023లో కేంద్ర జూ అథారిటీ ఆ పార్కు గుర్తింపునే రద్దుచేసింది. చుట్టూ కంచె వేసి లోపల జింకల్ని సాకుదామనే ఆలోచన వచ్చినవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పైగా ఆ గుర్తింపు లేకుండా ప్రైవేటు జింకల పార్కు నడపడం నేరం.

పక్క రైతు పంటకు జింక వల్ల, అడవి పంది వల్ల నష్టం జరిగినప్పుడు ఆయన కరెంటు తీగ పెట్టే దాకా పోకుండా చూడటం కూడా పొలం ఉన్నవాళ్ళ స్వార్థమే. అడవి పందికని లాగిన తీగకు చీకట్లో నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి బలైన వార్త దాదాపు ప్రతి వానాకాలమూ వస్తుంది. సోలార్ ఫెన్సింగ్ అలాంటిది కాదు. బ్యాటరీ నుంచి క్షణంలో వెయ్యో వంతు లెక్కన ఆగి ఆగి వచ్చే దెబ్బ భయపెడుతుంది, ప్రాణం తీయదు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు జంతువుల బెడద మీద పనిచేసే విభాగమే ఒకటుంది. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం కొన్ని వరుసలు దగ్గరదగ్గరగా వేయమన్నది వాళ్ళు చెప్పే ఉపాయాల్లో ఒకటి. కుసుమ ముళ్ళకు పంది వెనక్కి తగ్గుతుంది, ఆముదం వాసనకు లోపలి పంట జాడ తెలియదు. చేను చుట్టూ పాత చీరలు కట్టడం కొన్నాళ్ళు పనిచేస్తుంది, తర్వాత జంతువులకు అలవాటైపోతుంది. ఒడిశాలోని గంజాం జిల్లా భెట్నోయిలో కృష్ణజింక చేలో మేస్తే వానలు బాగా పడతాయని నమ్మి తరమకుండా వదిలేసే రైతులున్నారు. ఆ నమ్మకం మొయినాబాద్‌లో మొలవాలంటే కష్టమే. పంట నష్టానికి పరిహారం వేళకు అందితే కొంతైనా కోపం తగ్గుతుంది.

పొలం మేనేజ్‌మెంటు అంటే ఐదెకరాల లెక్కలో ఆలోచించడమే అసలు చిక్కు. చదరపు కిలోమీటరు అంటే 247 ఎకరాలు. జింకల మంద తిరిగే మేర చదరపు కిలోమీటర్లలో ఉంటుంది. అంటే ఒక్కరి పొలం ఎంత బాగా ఉన్నా అది వాటికి ఒక పూట మజిలీ మాత్రమే. టెక్సాస్‌లో భూమి 95 శాతం దాకా ప్రైవేటుదే కాబట్టి, చిన్న యజమానులు సంఘాలుగా ఏర్పడి ఒక లోయ మొత్తానికి ఒకే ప్లాను వేసుకుంటారు. వాళ్ళకు దానివల్ల నేరుగా లాభమూ ఉంది. సాగుభూమికిచ్చే పన్ను రాయితీని వన్యప్రాణుల కోసం వాడే భూమికీ అక్కడ ఇస్తారు. ఆవాసం బాగుచేయడం, మట్టి కోతను ఆపడం, మాంసాహారుల నియంత్రణ, నీళ్ళు, మేత, నీడ, లెక్కలు తీయడం అనే ఏడు పనుల్లో ఏడాదికి కనీసం మూడు చేసి చూపించాలి. అదీ స్థానిక జంతువుల కోసమే. మన కృష్ణజింక కోసం చేస్తే అక్కడ రాయితీ రాదు.

ఇక్కడ లెక్క తిరగబడి ఉంది. తెలంగాణలో 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా కింద ఎకరానికి ఏటా 12 వేలు ఇస్తామన్నది సాగుకు పనికొచ్చే భూమికే. రాళ్ళు, గుట్టలు, సాగుకు పనికిరాని నేలలు ఆ లెక్కలోంచి తీసేశారు. ప్రజల డబ్బు సాగుకే పోవాలన్న వాదన సబబే. కానీ గుట్ట వాలును చదును చేసి చెలకగా చూపించినవాడికి డబ్బులొచ్చి, గడ్డిగా ఉంచినవాడికి రాకపోతే యజమాని ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

చట్టంలో ఒక దారి ఉంది. 2002 సవరణతో వచ్చిన కమ్యూనిటీ రిజర్వు నిబంధన ప్రకారం, వ్యక్తి గానీ ఊరు గానీ తమ సొంత భూమిని ఇష్టపూర్వకంగా వన్యప్రాణులకు ఇస్తామంటే ప్రభుత్వం దాన్ని నోటిఫై చేయవచ్చు. భూమి యాజమాన్యం మారదు. కర్ణాటకలో కొంగలు గూళ్ళు కట్టే కొక్కరె బెళ్ళూరు 2007లో ఇలాగే కమ్యూనిటీ రిజర్వు అయింది. అయితే ఒకసారి నోటిఫై అయ్యాక రిజర్వు నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ లేకుండా భూమి వాడకాన్ని మార్చడానికి వీల్లేదు. రేపు రీజనల్ రింగ్ రోడ్డు ఎటు పోతుందా అని మ్యాపులు చూసుకునేచోట అలాంటి కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు దొరకడం కష్టం. వంటిమామిడి, చేవెళ్ల, కడ్తాల్ వైపు కన్నా వికారాబాద్ అవతల, తాండూరు దారిలో, ధరలు ఇంకా అంతగా ఎక్కనిచోట దానికి కాస్త అవకాశం ఉంది.

జింక వస్తే దాని వెనక వచ్చేదాన్నీ లెక్కలో ఉంచుకోవాలి. 2024లో శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దగ్గర చిరుతను బోనులో పట్టి నల్లమలలో వదిలారు. గుట్టలకు ఆనుకున్న పొలాల్లో కాపలా కుటుంబం ఉంటే రాత్రి మేకల్ని పైకప్పున్న దొడ్లో కట్టుకోవడం, మరుగుదొడ్డి ఇంటికి ఆనుకునే ఉండేలా చూడటం ముందే చేసుకోవాల్సిన పనులు.

నోటిఫికేషన్లూ రాయితీలూ వచ్చేదాకా ఆగకుండా చేయగలిగినదల్లా హద్దుల దగ్గరే ఉంది. వాగు ఒడ్లు, కుంట శిఖం (నీళ్ళు నిండే మేర) పక్క నేల, గుట్ట వాలు, ఈ మూడూ ఎలాగూ ఇల్లు కట్టడానికీ పంటకూ పెద్దగా పనికిరావు. ఒకే వాగు పక్కన పొలాలున్న పదిమంది కూర్చుని, ఒడ్డు నుంచి ఇరవై ముప్ఫై అడుగులు గోడ కట్టకుండా, దున్నకుండా, లైట్లు వేయకుండా వదిలేద్దామని మాట అనుకుంటే చాలు. దానికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, ఎవరి పట్టా కిందా మార్పు లేదు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందోసారి, చలికాలం చివర ఇంకోసారి, ఆ ఒడ్డు వెంట పొద్దున్నే నడిచి కనిపించిన జంతువులు, గిట్టల గుర్తులు, పెంటికల కుప్పలు ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోవాలి. పంట నష్టం పరిహారానికి పోయినా, రేంజ్ ఆఫీసర్ దగ్గర రిజర్వు మాట ఎత్తినా, ముందుగా అడిగేది ఆ పుస్తకాన్నే.